డాగు కాయల మదీనా బీ

మదీనా బీ మంచి ఆపిల్ కొనదు. వన్ టౌన్‌లోని ఆ ఇరుకు సందుకు అద్దెకు వచ్చిన మొదటి వారంలోనే నేనీ సంగతి గమనించాను. ఉదయం ఆరింటికి ఆమె పళ్ల మండీకి వెళ్తుంది. మెరిసే కాయల పెట్టెలను దాటుకుని, షాపు వెనక గోనెపట్టా మీద కుప్పగా పోసిన కాయల ముందు గొంతుక్కూర్చుంటుంది. లారీలో నలిగినవి, పెట్టె మేకు గీసుకున్నవి, ఒక పక్క గోధుమరంగుకు తిరిగినవి అక్కడుంటాయి. మండీలో వాటిని డాగు కాయలంటారు. మధ్యాహ్నానికి ఆ కాయలే సీసాల్లో మెత్తని గుజ్జుగా మారి, సందులో పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ చేరతాయి.

చెడిన సరుకు కొని పిల్లల నోటికి అందించడాన్ని చట్టం ఏమంటుందో లాయరునైన నాకు తెలుసు. ఆ సీసాల మీద తయారీ తేదీ లేదు, నమోదు సంఖ్య లేదు. మెడ చుట్టూ ఒక రంగు దారం కట్టి ఉంటుంది, అంతే. దాన్ని నేను అలంకారమనుకున్నాను.

మండీ యజమాని గురునాథరావును ఒకనాడు ఆమె గురించి అడిగాను.

“ఆవిడ గురించా? పదకొండేళ్లుగా నా బుర్ర తింటందమ్మా,” అన్నాడు. “నా పెళ్లాం కూడా నన్నంత దొంగలా సూడదు. ఊరికే ఇత్తానన్నా ఆ కుప్ప మొత్తం తీసుకోదు. ఊరికే ఇచ్చినోడు ఏటో దాత్తన్నాడని డౌటు.”

అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య ఇలాంటి మాటలు పైపై నటన కావచ్చని నేను అనుకున్నాను.

మదీనా బీకి అరవై దాటాయి. భర్త కరీం బాషా దర్జీ. ఆరేళ్ల కిందట కంటిచూపు మందగించి మిషను మూసేశాడు. అప్పటివరకు మనవలకోసం, ఇరుగుపొరుగు పిల్లలకోసం అప్పుడప్పుడు వండే గుజ్జు అప్పటినుంచి ఆ ఇంటికి ఆధారమైంది. దానికి మూలధనం గిన్నెలు కాదు, పొయ్యి కాదు. ఆమె చేతి మీద తల్లులకున్న నమ్మకం. అది పోతే ఆ ఇంట్లో రెండో పని చేయగలవాళ్లు లేరు.

అది పోయేటట్టే ఉందని ఒక బుధవారం తేలింది. ఎదురింటి తాయారు గారి మనవడు కార్తీక్‌కు వాంతులు, విరేచనాలు పట్టుకుని ఆసుపత్రిలో సెలైను పెట్టారు. పదమూడు నెలల పిల్లవాడు. వాళ్లది కోనసీమ, కొడుకు పోర్టులో ఉద్యోగం చేస్తాడు, కోడలూ ఉద్యోగానికి వెళ్తుంది, పిల్లవాణ్ణి తాయారు గారే చూసుకుంటారు. ముందురోజు వాడు తిన్నది అన్నం, పాలు, మదీనా బీ గుజ్జు. అన్నాన్నీ పాలనూ ఎవరూ అనుమానించలేదు. గురువారం పొద్దెక్కేసరికి పదకొండు ఇళ్లవాళ్లు సీసాలు తెచ్చి ఆమె గడప మీద పెట్టి వెళ్లారు. ఒక్కరూ ఆమెను బయటికి పిలిచి మాట్లాడలేదు.

ఆ రోజే నేను ఆమె వంటగది చూడాలని వెళ్లాను. తలుపు దగ్గరే ఆపింది.

“లాయరమ్మా, సెప్పులక్కడ. సేతులిక్కడ,” అని కుళాయి పక్కన సబ్బు చూపించింది.

“నేనేమీ ముట్టుకోను. చూస్తానంతే.”

“సూత్తామని వొచ్చినోళ్లే ముందు ముడతారు. కడుగు.”

కడిగాను. ఆమె ఆ రోజూ వండుతూనే ఉంది. ఉప్పునీళ్లలో నానిన ప్రతి కాయనూ తొడిమ దగ్గరనుంచి నిలువునా చీల్చి, రెండు చెక్కలనూ విడివిడిగా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది. దెబ్బ తగిలి మెత్తబడ్డచోట చుట్టూ వేలెడు మందాన తీసేస్తోంది. మిగిలింది గింజలు తీసి, తొక్కతోనే, గిన్నె అడుగు తడిసేపాటి నీళ్లతో, చిన్న దాల్చినచెక్క వేసి మూతపెట్టి ఉడికిస్తుంది. ఆపైన జల్లెడలో రుద్ది, నిమ్మరసం పిండి, మరిగించిన సీసాల్లో నింపుతుంది. చక్కెర వేయదు. అంత తీపి ఎలా వస్తుందో నాకు నమ్మకం కుదరక, దాల్చినచెక్క డబ్బా మూత తీసి చూశాను.

“అందులో సాక్రిన్ లేదులే,” అంది తల తిప్పకుండా.

అంతలో ఒక కాయ చీలింది. పైన మచ్చ లేని ఎర్రటి కాయ. లోపల గింజల దగ్గర నల్లటి నూగు. ఆమె రెండు చెక్కలనూ పక్కనున్న నల్ల బకెట్‌లో పడేసి మూత పెట్టింది.

“సగం బాగానే ఉంది కదా? అంతవరకు కోసేస్తే సరిపోదా?” అని పరీక్షించాను.

“దెబ్బ తగిలితే దెబ్బ కాడికే. బూజు అలా కాదు. కనబడేది కొంత, కనబడకుండా నడిసేది కొంత. నువ్వు కోర్టులో దొంగని సగం వొదిలేత్తావేటి?”

గది మూలన కూర్చుని దారపు రీళ్లు సర్దుకుంటున్న కరీం బాషా నవ్వాడు. “పెళ్లికి ముందు నన్నూ ఇలాగే చీల్చి వాసన సూసింది, బేటీ. పాసైపోయాను. కొత్తలో ఒక జాము తయారుచేసే షెడ్డులో కాయలు ఏరే పనికెల్లేది. బూజు కాయలు కూడా కడాయిలో ఏసెయ్యమన్నారు. ఎందుకని అడిగింది. మూడో నెల్లోనే ఇంటికి పంపించీశారు.”

“అడిగినందుకు కాదు,” అంది మదీనా బీ. “కడాయి బోర్లించినందుకు.”

ఈ కథ కూడా నాకోసం సిద్ధం చేసినదేమో అనిపించింది. తనిఖీకి వచ్చినవాళ్ల ముందు ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. నా అనుమానమంతా ఆ నల్ల బకెట్ మీదికి పోయింది. సాయంత్రం ఆమె దాన్ని పట్టుకుని సందు చివరకు నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. చెత్తకుండీ పక్కన బకెట్ దించి, కొంగులోంచి చిన్న సీసా తీసి, దానిలోని ఫినాయిలు బకెట్‌లో పోసి కర్రతో కలిపింది.

“ఏటి, నా యెనకాలే వొత్తన్నావ్?”

“పారేసేదానికి ఫినాయిలెందుకు?”

“జూసు బండోళ్లు ఏరుకుపోతారు. నా సేతిమీంచి పోయిందేదీ ఇంకోళ్ల నోట్లోకి ఎల్లకూడదు.” ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వెవరి తరపున తిరుగుతన్నావమ్మా?”

పిల్లవాడి తరపున అన్నాను. ఆమె బకెట్ దులుపుకుని వెళ్లిపోయింది. ఆ ఫినాయిలు ఆధారం చెరిపేయడానికేమో అనిపించింది. నేనుండే మేడ ఎక్కి, ఆహార భద్రతాధికారికి ఫోనులోనే ఫిర్యాదు పంపాను. ఒక్కరోజు ఆగి ఉంటే సరిపోయేది, ఆగలేదు.

శుక్రవారం ఫిర్యాదుకు జతపరచవలసిన వాంగ్మూలం మీద తాయారు గారి సంతకం కోసం ఆసుపత్రికి వెళ్లాను. కార్తీక్ తేరుకుని, మంచం మీద కూర్చుని చెంచాతో ఆడుతున్నాడు. వాడి కుడిచేతి మణికట్టుకు ఎరుపు, పచ్చ, పసుపు, నీలం దారాలు నాలుగు కట్టి ఉన్నాయి.

“ఇవేమిటండీ?”

“దర్గా దారాలండి,” అన్నారు తాయారు గారు. “బీబీ గారు సీసాలకి కట్టి ఇస్తారు గదండీ. వీడికి నలతగా ఉన్నప్పుడల్లా పనిమనిషిని పంపి ఓ సీసా తెప్పిస్తాను. దారం విప్పి చేతికి కడతాను. కొండమీద దర్గాలో మంత్రించి తెస్తారు గదా.”

“ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా అండీ? దారం చూస్తే తెలీదూ?”

“మరి గుజ్జు?”

“ఫ్రిజ్‌లో పెడతానండి. వాడు ఎంత తింటే అంత. పిల్లల తిండి పారెయ్యకూడదు కదండీ.”

నేను ఆసుపత్రి వసారాలోకి వచ్చి కరీం బాషాకు ఫోను చేసి, దారాల సంగతి అడిగాను. నిన్న ఆయన ముందే కూర్చుని అడగవలసిన ప్రశ్న అది.

“దారమా? అది రోజు, బేటీ. సోమారం తెలుపు, మంగళారం ఎరుపు, బుధారం పచ్చ. ఏడు రోజులకి ఏడు రీళ్లు. వొండిన రోజునించి మూడో రోజు దాటితే పారెయ్యమని కొన్నోళ్లకి సెప్తాం. సదువు రానోళ్లకి తేదీ ఏటి తెలుత్తాది, రంగైతే తెలుత్తాది గానీ.”

సందులో పాత కాపురాలవాళ్లందరికీ ఇది తెలుసు. తాయారు గారు ఎన్నడూ ఆ గడపకు రాలేదు. పనిమనిషి వచ్చి సీసా పట్టుకుపోయేది. దారాలు పిల్లవాడి చేతికి ఎక్కాయి. దారం లేని సీసాలు నాలుగూ ఫ్రిజ్‌లో ఒకేలా నిలబడ్డాయి. సీసాలు తెప్పించిన రోజులు తాయారు గారినే అడిగి లెక్కవేశాను: మంగళవారం వాడు తిన్నది మొదటి సీసా, తొమ్మిది రోజుల పాతది.

నేను చెప్పింది విని తాయారు గారు మంచం పట్టె పట్టుకున్నారు. “మా కోడలితో అనకండమ్మా,” అన్నారు. “ఇంక వీణ్ణి నా చేతికివ్వదు.”

కోడలి చెవిన పడనివ్వనని మాట ఇచ్చాను. వాంగ్మూలం మీద సంతకం జరగలేదు. ఫిర్యాదు మాత్రం అప్పటికే అధికారి బల్ల మీదుంది.

సాయంత్రం నేరుగా మదీనా బీ దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పాను. ఫిర్యాదు పంపింది నేనేననీ, ఉపసంహరించుకుంటూ లేఖ రాస్తాననీ కూడా చెప్పాను.

“నిన్న నువ్వే రాసేవు. ఇయాల నువ్వే తీసేత్తానంటన్నావ్. రేపు ఇంకేటి రాత్తావో. వొద్దు. రానీ. వొచ్చి సూసుకోనీ.”

“తప్పు మీది కాదని ఆయనకు వివరిస్తాను.”

“నాది కాదని నీకెవరు సెప్పేరు? పనిమనిసి సేతికి సీసా ఇచ్చినప్పుడు నా నోరు ఏటైపోనాది?”

సోమవారం అధికారి వచ్చాడు. ఆమె ఆయన చేత కూడా చేతులు కడిగించింది. ఆయన నమూనా తీసి, నాలుగు భాగాలు చేసి సీలు వేసుకున్నాడు. నమోదు లేకుండా అమ్మకూడదనీ, నివేదిక వచ్చేవరకు ఆపమనీ రాసిచ్చాడు. చట్టం ప్రకారం విశ్లేషణకు పద్నాలుగు రోజులు. నమోదు దరఖాస్తు నేనే నింపాను. ఆమె ప్రతి గడి దగ్గరా వేలు పెట్టి ఇందులో ఏం రాశావని రెండుసార్లు చదివించుకుంది. ఆ పద్నాలుగు రోజులూ పొయ్యి వెలగలేదు. అయినా ఉదయం ఆరింటికి ఆమె మండీకి వెళ్లి, కుప్ప ముందు కూర్చుని, కాయలు తిప్పి చూసి, ఖాళీ సంచితో తిరిగి వచ్చేది.

నివేదికలో ఏ దోషమూ లేదు. నమోదు పత్రమూ వచ్చింది. సీసాలకు దారంతో పాటు తేదీ చీటీ అంటించాం. మొదటిరోజు ఆమె పన్నెండు సీసాలు వండింది. నివేదిక ప్రతి పట్టుకుని నేను ఇంటింటికీ వెళ్లాను. “అవునా, మంచిదేనమ్మా,” అని తలుపు వేసుకున్నారు. ప్రయోగశాల ముద్ర చూసి ఏ తల్లీ మనసు మార్చుకోలేదు. వాళ్లకు కావలసిన జవాబు ఒకటే: అయితే ఆ పిల్లవాడికి ఏమైంది? అది చెప్పడానికి నాకు హక్కు లేదు. మాట ఇచ్చి ఉన్నాను.

సాయంత్రం నాలుగు దాటాక తాయారు గారు కార్తీక్‌ను చంకనెత్తుకుని సందులోకి దిగారు. మదీనా బీ గడప మీదే నిలబడి ఉంది.

“బీబీ గారూ, ఒక సీసా ఇవ్వండి.”

“ఏటికి? దారానికా, గుజ్జుకా?”

కిటికీల దగ్గర కదలిక వినిపించింది. తాయారు గారి మెడ ఎర్రబడింది. తమ మేడవైపు ఒకసారి చూశారు. కోడలు బాల్కనీలో బట్టలు తీస్తూ ఆగిపోయి ఉంది.

“గుజ్జుకేనండి,” అని గొంతు పెంచారు. “అందరూ వినండమ్మా. వీడికి తొమ్మిది రోజుల పాత సీసా పెట్టింది నేను. దారాలు విప్పేసి ఏది ఏనాటిదో తెలీకుండా చేసింది నేను. ఈవిడ తప్పేం లేదు.”

మదీనా బీ సీసా తెచ్చి ఇచ్చింది. తాయారు గారు సందువైపు అరుగు మీదే కూర్చుని, అన్ని కిటికీలూ చూస్తుండగా, పిల్లవాడికి చెంచాతో పెట్టడం మొదలుపెట్టారు. వాడు మూడో చెంచాకే సీసా లాక్కోబోయాడు. మదీనా బీ లోపలికి వెళ్లలేదు, నవ్వలేదు. వాడి గొంతు వైపే చూస్తూ నిలబడింది.

కోడలు మేడ దిగి వచ్చింది. అత్తగారి ముఖం చూడలేదు. పిల్లవాణ్ణీ తీసుకోలేదు. చెంచా తీసుకుని, గుజ్జు వాసన చూసి, నోట్లో పెట్టుకుంది. “రేపటికి ఇంకోటి కావాలి,” అంది.

మదీనా బీ సీసా తెచ్చింది గాని వెంటనే వదల్లేదు.

“ఎన్నాళ్లుంచుతావు?”

“మూడు రోజులు.”

“తరవాత?”

“పారేస్తాను.”

“మీ అత్త వొద్దంటేనో?”

కోడలు అప్పుడు తాయారు గారి వైపు తిరిగింది. “ఆవిడే పారేస్తారు,” అంది.

మదీనా బీ సీసా ఆమె చేతిలో పెట్టింది. చీకటి పడేలోగా ఇంకో ఇద్దరు వచ్చి చెరొక సీసా పట్టుకెళ్లారు. మూడో రోజు దాకా ఆగుతాయి కదా అని, మిగిలిన ఎనిమిది సీసాలనూ ఆమె లోపల పెట్టుకుంది.