మేకు తగలొద్దన్న మాట

ఒక్క మాట నన్ను ఇన్నేళ్ళుగా వదలడం లేదు. మేకు. ఇంట్లో గోడకు క్యాలెండరు తగిలించాలన్నా నేను మేకు కొట్టను. మా ఆయనను కొట్టమంటాను. ఆ చప్పుడు ఆగేదాకా వంట చేసుకునే మూలలో నిలబడి ఉంటాను. ఆయనకు కారణం తెలియదు. ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. క్షమించమని అడగడం లేదు. అడగవలసినవాళ్ళు ఇద్దరు ఉండేవారు, ఇద్దరూ లేరు.

కామాటిపురాలో మేముండే వరుస గదుల చాల్ వెనక ఒక ఖాళీ జాగా ఉండేది. అందులో చేత్తో తిప్పే కట్టె పాల్నా, రంగు పోయిన కట్టె గుర్రాలు, రేకుల కింద వంకర అద్దాల గది. పాల్నా అంటే జాతరల్లో నిలువుగా తిరిగే రంగుల రాట్నం. నాలుగు పెట్టెలు వేలాడేవి. పండుగ వస్తే పిల్లల వరుస గల్లీ చివరిదాకా ఉండేది.

దాన్ని మా నాయన, చాల్‌లో అందరం తాత అని పిలిచే ఎంకయ్య కలిసి చేశారు. ఇద్దరూ పాలమూరు నుంచి వచ్చిన బిల్డింగు పనివాళ్ళు. పరంజాలకు వాడి పారేసిన దుంగలు మోసుకొచ్చి చెక్కారు. తరవాత నాయన ఒక పరంజా మీద నుంచే పడి చనిపోయాడు. అప్పుడు నేను బడికి పోతున్నాను, తమ్ముడు శీను ఇంకా ఎత్తుకునే పిల్లవాడు. తాత కూలికి పోవడం మానేసి పాల్నా తిప్పుకుంటూ బతికాడు. నాలుగు పెట్టెల బరువునూ మోసే అడ్డదుంగ మీద, అంటే ఇరుసు మీద, ఒకచోట నాయన ఉలి జారి గంటు పడింది. నాయన ఫోటో మా దగ్గర లేదు. ఆ గంటు ఉండేది. పొద్దున ఎవరూ లేనప్పుడు వెళ్ళి దాన్ని తడిమి వచ్చేదాన్ని.

రంగుల టీవీలు కొత్తగా వచ్చిన రోజులవి. చాల్ కుర్రాళ్ళు ఒక మండలి పెట్టుకున్నారు. ఆ జాగాలోంచి పాతవన్నీ తీసేసి, పండుగకు కరెంటు పాల్నా తెప్పించాలని, మిగతా రోజుల్లో వీడియో హాలు నడపాలని వాళ్ళ ఆలోచన. అందరికంటే పెద్ద గొంతు మా శీనుది. ఆషాఢంలో ఒక ఆదివారం వర్షం పడుతుంటే అందరూ అద్దాల గది రేకుల కింద చేరారు. వద్దన్నవాళ్ళూ, కావాలన్నవాళ్ళూ ఆ పెట్టెల్లో కూర్చుని పెరిగినవాళ్ళే. అందుకే అంత గట్టిగా కొట్లాడుకున్నారు.

"తాతా, చౌపాటీ కాడ కరెంటు పాల్నా జూసినవా? బటన్ ఒత్తుడే. నువ్వు కూసొని బీడీ తాగొచ్చు," అన్నాడు శీను.

"బీడీ తాగుతందుకు బటన్ ఎందుకురా. అగ్గిపెట్టె సాలు."

"గుర్రాలకు చెవుల్లేవు, తోకల్లేవు. పోరగాండ్లు గాడిదలంటున్నరు."

"నిన్ను గూడ గట్లనే అంటరు. నిన్ను తీసేస్తున్నమా?" అంది తాత భార్య ఎల్లవ్వ.

అందరూ నవ్వారు. శీను కూడా నవ్వాడు. అప్పుడు నేను మాట్లాడాను. తెలుగు లైబ్రరీలో దొరికినవన్నీ చదివి నాకు ఒక భాష అబ్బింది, దాని మీద నాకు గర్వం ఉండేది. పాత వస్తువుల విలువ గురించి, తండ్రుల చెమట గురించి చాలాసేపు చెప్పాను. నాకు బాగానే వినిపించింది. ఎవరూ వినలేదు. శీను మాత్రం మెల్లగా అన్నాడు, "అక్కా, నీకు పావురం నాయన మీద. పాల్నా మీద గాదు."

పావురం అంటే మా వైపు ప్రేమ. వాడన్నది నిజం. నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది.

ఆ వాదన ఎటూ తెగలేదు. చివరికి పెద్దలు, బోనాల నాడు పోచమ్మ తల్లినే అడుగుదామన్నారు. మాలో అది ఉన్న పద్ధతే. ఆ రోజు ఎవరో ఒకరికి శిగం వస్తుంది. తల్లి ఒంట్లోకి వచ్చి ఊగిస్తుంది, వాళ్ళ నోట పలుకుతుంది. ఆ మాటకు ఎదురు లేదు. ఏటా శిగం వచ్చే ముసలావిడ ఆ ఏడు ఊరికి పోయింది. బోనాలు వచ్చి నిలబడ్డాయి, డప్పులు మోగుతున్నాయి, వర్షం పడుతోంది. ఎవరికీ రావడం లేదు. కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. తల్లి పలకకపోతే వాళ్ళ మాటే నెగ్గుతుంది.

నేను బోనం దించి జుట్టు విప్పుకున్నాను.

అందులో కొంచెమైనా నిజం ఉందా అని ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్నాను, తల తిరుగుతోంది, డప్పు చెవుల్లో కొడుతోంది, మొదటి ఊపు నిజంగా నాది కాదేమోనని, దాంట్లో ఎక్కడైనా తలదాచుకోవచ్చునేమోనని వెతికాను. దొరకలేదు. ఎందుకంటే ఊగుతూ ఊగుతూ నా కొంగు బురదలో పడబోతుంటే కాలితో పక్కకు జరుపుకున్నాను. అది నాకు బాగా గుర్తుంది. తల్లి వచ్చినవాళ్ళు కొంగు చూసుకోరు.

అడిగారు. నేను చెప్పాను.

"నా బిడ్డలాడే జాగ. గొడ్డలి తగలొద్దు. మేకు తగలొద్దు. తగిలితే ఒకలను తోల్కపోత."

గొడ్డలి తగలొద్దు అంటే చాలు. ఎవరూ పాల్నాను పడగొట్టరు. నాకు కావలసింది అంతే. మేకు ఎందుకన్నాను? డప్పు దెబ్బకు ఇంకొక మాట కావలసి వచ్చింది. రెండు సార్లు తగలొద్దు అంటే బరువుగా ఉంటుందనిపించింది. వినడానికి బాగుంటుందని పెట్టిన మాట అది. అప్పటి నుంచి నేను మాటలకు నగలు పెట్టను. ఎవరైనా పెడితే భయం వేస్తుంది.

అందరూ నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు. శీను కూడా.

ఆ ఏడు వానలు చాలాకాలం కురిశాయి. పాల్నా తడుస్తూ నిలబడింది. మునుపు దానికి తార్పాలిన్ పట్టా కప్పి, అంచులకు మేకులు కొట్టేవాళ్ళు. ఆ ఏడు కప్పలేదు. నేను మా గది ముందు గ్యాలరీలోంచి చూస్తుండేదాన్ని. గాలి వచ్చినప్పుడల్లా ఖాళీ పెట్టెలు కదిలేవి. ఇరుసు మూలిగేది. నాకు వినిపించింది. వినిపించలేదని చెప్పను.

వానలు తగ్గాక ఒక సాయంత్రం నీళ్ళ బిందెతో మెట్లెక్కుతుంటే తాత పైనుంచి దిగుతూ కనిపించాడు. నాకోసమే వచ్చి వెతికి పోతున్నాడు.

"బిడ్డా, ఇరుసు నాని పగిలింది. ఏలు దూరుతున్నది. గ్రాంట్ రోడ్ కాడ మంచి దుంగ జూసి పెట్టిన. గానీ పెద్దమనుషులు ముట్టనిస్తలేరు. మేకు తగలొద్దన్నదట తల్లి."

నేను బిందె కింద పెట్టలేదు.

"తీసేయొద్దన్నది, మంచిదే. బాగు జెయ్యొద్దని ఎందుకంటది? పిల్లలెక్కేది గదా. నువ్వు ఒకసారి అడిగి జూడు."

"నేను పిలిస్తే రాదు తాతా. తానొచ్చినప్పుడే వస్తది."

"వచ్చినప్పుడే అడుగు."

"నాకు యాదుండదు తాతా. ఏమన్ననో నాకే తెల్వదు."

తాత నా మొహంలోకి చూశాడు. చాలాసేపు కాదు. "మంచిది బిడ్డా, బిందె బరువున్నది, పో," అని పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు.

ఆయనకు తెలుసా? ఇది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తెలిసే అడిగాడనిపిస్తుంది. నా అబద్ధం నాకే ఉంచి, దాన్ని కొంచెం సవరించుకునే వీలు ఇచ్చాడనిపిస్తుంది. ఇంకోసారి ఊగి, మేకు తగలొచ్చు అంటే సరిపోయేది. పట్టుబడతానని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉంది. కానీ కొత్త ఇరుసు వస్తే పాతది ఎక్కడికి పోతుంది? పొయ్యిలోకి. నాయన గంటుతో సహా. మెట్ల మీద నిలబడి నేను ఆలోచించింది అది. పిల్లల గురించి కాదు.

దసరా వచ్చింది. మధ్యాహ్నం పూట పాల్నా తిరుగుతోంది. పిల్లలు ఎక్కడం మాన్పించాలని నాకు అనిపించలేదా? అనిపించింది. తాత తిప్పుతున్నాడంటే బాగానే ఉందేమోలే అనుకున్నాను. చప్పుడు పెద్దగా రాలేదు. నానిన కర్ర విరిగినట్టు మెత్తగా వచ్చింది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి దిగాయి. పిల్లలు బురదలో పడ్డారు, ఒక పాపకు చేయి విరిగింది. కింద నిలబడి తిప్పుతున్న తాత లేవలేదు. శీను, ఇంకొందరు దుంగ ఎత్తి ఆయనను బయటికి తీశారు. అప్పటికే అయిపోయింది.

తరవాత ఎవరో విరిగినచోట చూశారు. ఇరుసు పగులు మీద ఒక ఇనుప పట్టీ. దానికి కొత్త మేకులు, ఇంకా తుప్పు పట్టనివి. దుంగ మార్చాలంటే నలుగురు కావాలి, అందరికీ తెలుస్తుంది. అందుకని తాత ఎవరూ చూడకుండా ఒక్కడే పట్టీ వేసుకున్నాడు. చేతనైనది చేశాడు. అది ఆగలేదు.

"మేకు గొట్టిండు," అన్నారెవరో. గట్టిగా కూడా అనలేదు. "తల్లి చెప్పనే చెప్పె."

అందరూ తలలెత్తి గ్యాలరీలో ఉన్న నన్ను చూశారు. నేను కళ్ళు మూసుకున్నాను. వాళ్ళు దాన్ని దణ్ణం అనుకున్నారు.

అప్పుడైనా నోరు తెరిచి ఉండాల్సింది. చచ్చిపోయినవాడు ఎటూ రాడు, కానీ ఆయన పేరైనా మిగిలేది. నేను తెరవలేదు. తల్లి మాట దాటినవాడని తాతను అందరూ అన్నారు. నల్లా దగ్గర ఎల్లవ్వ వస్తే ఆడవాళ్ళు బిందెలు వెనక్కి లాక్కున్నారు. చేయి విరిగిన పాప తల్లి ఆమె మొహం మీదే తలుపు వేసింది. విరిగిన దుంగలను ముట్టుకోవడానికి కూడా భయపడి, పసుపు చల్లి, లారీలో తీసుకుపోయి సముద్రంలో వదిలారు. నాయన గంటు అలా పోయింది. దేనికోసం ఇదంతా చేశానో అది కూడా మిగలలేదు.

ఎల్లవ్వ పాలమూరు వెళ్ళిపోతూ మా గదికి వచ్చింది. చేతిలో ఒక మూట. నా కాళ్ళు పట్టుకుంది.

"నా మొగనిది తప్పయింది. మాఫ్ చెయ్యమను తల్లిని."

నేను ఆమె తల మీద చేయి పెట్టాను. తల్లి పెట్టినట్టే చేయి పెట్టాను. ఆమెకు ఏదో దక్కినట్టు లేచి వెళ్ళిపోయింది. ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా తినేది ఆ చేయి. అబద్ధం తొందరలో చెప్పాను. చేయి మాత్రం అన్నీ తెలిసి పెట్టాను. కొన్నాళ్ళకు ఊళ్ళో ఆమె పోయిందని కబురు వచ్చింది.

శీను మారిపోయాడు. ఏ దేవుడికీ దణ్ణం పెట్టనివాడు నా ముందుకు వస్తే చెప్పులు వదిలేవాడు. మళ్ళీ నాతో వాదించలేదు. నన్ను ఎగతాళి చేయలేదు. ఒకే ఇంట్లో తమ్ముణ్ణి పోగొట్టుకోవచ్చని నాకు అప్పుడు తెలిసింది. కరెంటు పాల్నా ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తాత పడినచోట ఒక రాయి పెట్టారు. దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. గుర్రాలు, అద్దాలు ఎప్పుడో పోయాయి. ఏటా బోనాల నాడు ఆ రాయి దగ్గర మొదటి దీపం నా చేతనే పెట్టిస్తారు. పెడుతున్నాను. నాకు మళ్ళీ శిగం రాలేదు. తల్లి అంత పెద్ద మాట చెప్పి ఊరుకుందని దాన్ని కూడా భక్తిగా చెప్పుకుంటారు.

ఇప్పుడు కొత్త కుర్రాళ్ళు ఆ జాగాలో ఏదో కట్టాలంటున్నారు. రాయి జరపవచ్చా, వద్దా అని మళ్ళీ రెండు వర్గాలు. వాళ్ళలో శీను కొడుకు ఉన్నాడు. "అత్తా, తల్లి ఏమంటదో నువ్వు చెప్తే అయిపోతది," అన్నాడు నిన్న. వచ్చే ఆదివారం అందరూ నా దగ్గరికి వస్తారు. వాళ్ళ ముందు ఏం చెబుతానో నాకింకా తెలియదు. ధైర్యం వస్తుందని మీకు మాట ఇవ్వలేను.

ఇక్కడ మాత్రం రాశాను. రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అంతకంటే ఏమీ మారలేదు. ఆ రోజు తల్లి రాలేదు. మాట్లాడింది నేను. ఎంకయ్య తాత మేకులు కొట్టింది పిల్లలు పడకుండా ఉండాలని.