హౌసింగ్‌లో రంపపు పొట్టు

బండ్లు అబద్ధం చెప్పవు, తెచ్చిన మనుషులే చెప్తారని వీరభద్రం నమ్మకం. వరంగల్ చౌరస్తాకు కాస్త ఎడంగా ఉన్న రేకుల షెడ్డులో పదిహేనేళ్ళుగా అంబాసిడర్లు విప్పి బిగిస్తున్నాడు. "నిన్నటిదాంక మంచిగుండె అన్నా, పొద్దుగాలనే సప్పుడు షురువైంది" అని ఎవరైనా మొదలుపెడితే చాలు, కుళ్ళిన వంకాయ వాసన చూసినట్టు ముక్కు చిట్లించేవాడు. ఏడాది పొడుగునా టకటకలాడించి, ఇనుమంతా అరగదీసి, నిన్నటిదాకా లేదంటారు, సిగ్గు లేని జనం! అందుకే బండి ఓనరును నోరు మూసుకుని నడపమని, తాను వెనక సీట్లో కూర్చుని చెప్పులు విడిచేవాడు. చిన్నప్పుడు బట్టల మిల్లులో సాంచాల రొదలో పనిచేసి ఒక చెవి సగం పోయింది. ఆ చెవి చెయ్యాల్సిన పని పాదాలు నేర్చుకున్నాయి.

బండి కదిలేటప్పుడూ, యాక్సిలేటర్ వదిలినప్పుడూ వెనక నుంచి టక్కుమంటే ఊళ్ళో మెకానిక్కులందరిదీ ఒకటే మాట: క్రాస్ పోయింది. ఇంజన్ నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్ట్ చివరన ఉండే కీలు అది. దాన్ని మార్చి పంపేవాళ్ళు, వారానికి చప్పుడు మళ్ళీ వచ్చేది, మళ్ళీ మార్చేవాళ్ళు. తలుచుకుంటేనే వీరభద్రానికి ఒళ్ళు మండేది. తాను మొదట కమాను పట్టీల బోల్టులు చూసేవాడు. తర్వాత బండి కిందికి దూరి, ఒక చెయ్యి కీలు మీద ఆనించి రెండో చేత్తో షాఫ్ట్‌ను అటూ ఇటూ తిప్పేవాడు. కీలు వదులు లేకుండా, షాఫ్ట్ మాత్రం అంతంత దూరం ఊగుతుంటే రోగం కీలుది కాదు, రెండు చక్రాల మధ్య గుండ్రటి హౌసింగ్‌లో ఉన్న క్రౌను, పీనియన్ అనే పండ్ల చక్రాలది.

ఎనభై నాలుగు మేడారం జాతరకు రెండు నెలల ముందు, కేసముద్రం మార్కెట్‌లో అడ్తి నడిపే సారంగపాణి తన తెల్ల అంబాసిడర్ తెచ్చాడు. జాకీ మీద లేపి చూసి వీరభద్రం పెదవి విరిచాడు.

"లోపల పండ్లు అరిగినయ్ సేటూ. క్రౌను, పీనియన్ రెండూ మార్చాలె."

"అమ్మే బండికి మార్చుడెందుకు వీరభద్రం? ఇంత రంపపు పొట్టేసి ఆయిల్ నింపు. నెల దినాలు సప్పుడు రాకుంటే సాలు."

వీరభద్రం జాకీ దించేశాడు. పొట్టు నూనెలో నాని ముద్దయి చప్పుడును మింగుతుంది, నూనెనూ మింగుతుంది. ఆ తర్వాత లోపల ఇనుము ఇనుమును కొరుక్కుతింటుంది.

"నా షెడ్ల లఫంగ పనులు నడువయ్. బండి తీస్కపోండ్రి."

సారంగపాణి నవ్వుకుంటూ తీసుకుపోయాడు. వరంగల్ మార్కెట్ వెనక కట్టయ్య షెడ్డులో పొట్టు వేయించాడని మూడు రోజులకే తెలిసింది. తూ అని ఉమ్మేసి తన పనిలో పడ్డాడు వీరభద్రం.

మరో వారానికి కొత్తవాడ నుంచి ఉప్పలయ్య వచ్చాడు. షత్రంజీ జంపఖానాలు నేసే మనిషి, బాల్యమిత్రుడు. రెండు మగ్గాలూ అమ్మేసి టాక్సీ కొంటున్నాడట. జాతర నాలుగు రోజులు తిప్పితే ఇల్లు నిలబడుతుందన్నాడు, ముఖం వెలిగిపోతూ.

"సారంగపాణి సేటు బండే అన్నా. నీ షెడ్ల జాకీ మీదుంటే ఆ దినం చూసిన. బయానా గూడ ఇచ్చిన. నువ్వు చూసినవు గదా?"

బేరానికి బయానా సొమ్ము పడ్డాక మెకానిక్కు మధ్యలో నోరు పెట్టకూడదన్నది ఆ వీధి కట్టుబాటు. బేరం చెడగొట్టేవాడనే పేరు వస్తే అమ్మేవాడూ రాడు, కొనేవాడూ రాడు. పని నేర్పిన ఉస్తాద్ మొదట చెప్పిన పాఠం అదే. వీరభద్రం చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఆ, చూసిన" అన్నాడు.

అబద్ధమేమీ కాదు. ఉప్పలయ్య సంతోషంగా వెళ్ళిపోయాడు.

జాతర మొదటి రోజు మధ్యాహ్నం ములుగు దాటాక అడవి దారిలో ఆ బండి కూలబడింది. కబురందుకుని వీరభద్రం లారీ ఎక్కి పోయాడు. అమ్మవార్లకు బంగారమని మొక్కుకున్న బెల్లం ముద్దలు నెత్తిన పెట్టుకుని, టాక్సీ ఎక్కిన కుటుంబం ఇంకో బండి దొరక్క తిట్టుకుంటూ నడిచిపోతోంది. హౌసింగ్ కింది బోల్టు విప్పగానే నూనె కారలేదు. నల్లటి పేడలాంటి ముద్ద జారింది, దాంట్లో విరిగిన పండ్లు. కాలిన వాసన గుప్పున వీరభద్రం ముక్కుకు కొట్టింది. కట్టయ్య మీద, సారంగపాణి మీద రోత పుట్టింది. పక్కన చతికిలబడిన ఉప్పలయ్య ముఖం చూశాక తన మీద అంతకు రెట్టింపు పుట్టింది.

"గిదేందన్నా?"

"రంపపు పొట్టు. పండ్లు అరిగినయని నాకు ముందే ఎర్కనే. పొట్టు ఏసిండ్రని గూడ ఎర్కనే."

ఉప్పలయ్య ముద్దలోంచి విరిగిన పన్నొకటి ఏరాడు. "జర్రంత సప్పుడు నాకు గూడ ఇనవడ్డదన్నా. నువ్వు చూసినవు గదా, ఏం గాదనుకున్న" అన్నాడు.

ఆ జాతర పోయింది. మళ్ళీ జాతర రెండేళ్ళకు. వీరభద్రం హైదరాబాద్ పోయి మంచి క్రౌను, పీనియన్ వెతికి తెచ్చి, తన చేతులతో బిగించి ఇచ్చాడు. కూలి ముట్టలేదు. ఉప్పలయ్య కాదనలేదు, దండం పెట్టి బండి తీసుకుపోయాడు. ఆ టాక్సీ మళ్ళీ ఆ షెడ్డు ముందు ఆగలేదు.

ఏడాది తర్వాత ఒకనాడు మార్కెట్ వెనక నుంచి పోతూ వీరభద్రం ఆగిపోయాడు. ఉప్పలయ్య బండి కట్టయ్య షెడ్డులో జాకీ మీద ఉంది. ఉప్పలయ్య దాని పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, కట్టయ్య ఏ బోల్టు విప్పుతున్నాడో వంగి చూస్తున్నాడు. వీరభద్రం ఉండబట్టలేక దగ్గరికి పోయాడు.

"పొట్టు ఏసినోని దగ్గరికే తెస్తివారా?"

ఉప్పలయ్య తల తిప్పలేదు.

"గీడు దొంగ అని ఎర్కనే గదన్నా. పక్కన కూసోని కండ్లు పెట్టి చూస్కుంట. నీ దగ్గరైతే కండ్లు మూస్కుంటి."