పదో స్తంభం దగ్గర తప్పిన లెక్క

కొలరాడోలో మేము టెంట్ వేసుకున్న ఊరు చలికాలంలో స్కీయింగ్‌కి వచ్చేవాళ్లతో నిండిపోతుందట. జూలైలో మంచు లేదు గానీ, వాళ్లను కొండెక్కించే గండోలా మాత్రం తిరుగుతూనే ఉంది. మన రోప్‌వే లాంటిదే. తీగకు వేలాడే గాజు పెట్టెలు మనుషుల్ని పైకి తీసుకెళ్తాయి, కిందికి తెస్తాయి. చివరిది సాయంత్రం నాలుగింటికి దిగుతుంది.

మావారికి అంతకుముందు శీతాకాలంలోనే మోకాలి ఆపరేషన్ అయింది. ఎక్కడం మంచిదే, నిటారు దారిలో దిగడం మాత్రం వద్దని డాక్టర్ చెప్పారు. ఆయన కోరిక ఒకటే: తన కాళ్లతో కొండెక్కి, గండోలాలో దిగాలి. నాలుగు దాటితే దిగే దారి లేదు. కాబట్టి లెక్క నా పని.

నేను లెక్కలు చదువుకున్నది పదో తరగతి వరకే. మిగతాదంతా సొంతంగా పట్టుకున్నదే. మేముండే అరోరాలో రోజూ నడుస్తూ, వేళ్ల కణుపుల మీద అడుగులు లెక్కపెట్టి, ఏ మలుపుకి ఎన్ని నిమిషాలో చెప్పగలను. ఇక్కడ నడకదారి గండోలా తీగ వెంబడే వెళ్తుంది. తీగను మోసే స్తంభాలు పదహారు, ఒక్కోదాని మీద పెద్ద అంకె. ఇంతకంటే సులువైన లెక్క ఏముంటుంది అనుకున్నాను.

పదకొండింటికి ఆయనా, నేనూ, మా అమ్మాయీ బయలుదేరాం. ప్రతి స్తంభం దగ్గరా ఆయన ఏదో రాయి చూసుకుని కూర్చున్నారు. ఎనిమిదో స్తంభానికి ఒంటిగంటా పది అయింది. అక్కడి వరకు వాలు తక్కువే. తిరగాలంటే అక్కడే తిరగాలి.

"ఏమోయ్ లెక్కల మేడమ్, వెళ్దామా, వెనక్కా?"

"సగం అయిందండీ. మూడూ ఇరవైకల్లా పైన ఉంటాం."

పదో స్తంభం చేరేసరికి రెండయింది. కింద స్తంభానికీ స్తంభానికీ మధ్య మూడు వందల అడుగులు నడిస్తే, ఈ రెండింటికీ ఆరేసి వందలు నడిచాం. మా వీధి దీపాల్లా సమాన దూరంలో ఉంటాయనుకున్నాను. తీగ లోయలు దాటే చోట స్తంభాలు దూరదూరంగా వేస్తారని నాకు తోచలేదు. పైకి చూశాను. మిగిలిన ఆరూ అలాగే ఉన్నాయి. ఆయన నడిచే తీరుకి నాలుగున్నర అవుతుంది. వెనక్కి తిరుగుదామన్నా ఇప్పుడు నిటారు వాలే.

"తప్పు లెక్క వేశానండీ."

"ఎంత తప్పు?"

"అరగంట."

ఆయన మా అమ్మాయి వైపు తిరిగారు. "ఫోన్ తియ్యవే, రికార్డ్ చెయ్యి. మీ అమ్మ తప్పు ఒప్పుకుంటోంది. మళ్లీ ఇరవయ్యేళ్ల దాకా దొరకదు."

అమ్మాయి నవ్వలేదు. "నాన్నా, నేను ఫాస్ట్‌గా వెళ్లి గండోలా వాళ్లని వెయిట్ చేయమని అడుగుతా."

"వద్దమ్మా. నా కోసం ఎవర్నీ ఆపొద్దు. మీ అమ్మ దగ్గర ఇంకో లెక్క ఉందేమో అడుగు."

ఉంది. ఆయన్ని ఆలస్యం చేస్తున్నది నడక కాదు, కూర్చోవడం. కూర్చున్నప్పుడల్లా మోకాలు బిగుసుకుపోయి, లేవడానికే బోలెడు సమయం పడుతోంది.

"ఇక కూర్చోవద్దు. రెండు వందల అడుగులు నడవండి, రెండు నిమిషాలు నిలబడండి. అలా పద్దెనిమిది సార్లు."

"అయితే గట్టిగా లెక్కపెట్టు. వినపడితే నడుస్తాను."

అమ్మాయి తనూ కలుస్తానంది. తనకు తెలుగు అంకెలు ఇరవై దాకానే వచ్చు. అందుకని ఇరవై చొప్పున లెక్కపెట్టాం. ఇరవై అయినప్పుడల్లా నేనో వేలు మడిచాను. పది వేళ్లూ మడిస్తే ఆగడం. "పద్నాలుగు" దగ్గర అమ్మాయి నాలుక ప్రతిసారీ తడబడేది, ఆయన ఆయాసపడుతూనే సరిచేసేవారు. ఎదురొచ్చిన ఒక జంట దారి ఇచ్చి, ఏదో భజన అనుకున్నారేమో, మాకు చేతులు జోడించారు.

పన్నెండో విడత తర్వాత ఆయన సరిచేయడం మానేశారు. నాకు భయమేసింది. కానీ అడుగు తీరు మారలేదు.

మూడూ యాభై ఒకటికి పైన ఉన్నాం. గండోలా దగ్గరి ఉద్యోగి తలుపు పట్టుకుని రమ్మన్నాడు.

"ఎంత టైముంది?" అన్నారు మావారు.

"తొమ్మిది నిమిషాలు."

"అయితే ఏడు నిమిషాలు చూసి వస్తా."

ముగ్గురం అంచున నిలబడ్డాం. కింద మా టెంట్ ఏదని అడిగారు. ఏటి పక్కదని అమ్మాయి, కాదు, చెట్ల వెనకదని ఆయన. ఏడు నిమిషాలూ ఆ వాదనతోనే అయిపోయాయి. చివరికి ఇద్దర్నీ నేనే చెరో చెయ్యి పట్టుకుని లోపలికి ఎక్కించాను.