మీటర్ల వెనక మీటలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. లోపల ఇంత బరువు పెట్టుకుని ఇన్నేళ్లు నలుగురిలో ఎలా నవ్వుతూ తిరిగానో నాకే తెలియదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా వల్ల ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకం పోయింది.

జహీరాబాద్‌లో హైవే పక్కన, ట్రాక్టర్లకు వాడే కరెంటు సామాన్లను పరీక్షించే చిన్న ల్యాబులో పనిచేసేదాన్ని. సునందక్క నాకన్నా సీనియర్. న్యాల్‌కల్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. నాకు పనంతా నేర్పింది ఆమే.

సామాన్లను వేడిచేసి చూడటానికి రెండు ఓవెన్లు ఉండేవి. ఒక్కోదానికి వేడిని కొలిచే మీటరు ఒకటి. మీటర్లను లావుపాటి కేబుళ్లతో ఒకదానికొకటి కలిపి, చివరికి ఒకే కంప్యూటరుకు తగిలించేవాళ్లం. అన్నిటికీ దారి ఒక్కటే. ఏ మీటరు మాట్లాడుతోందో కంప్యూటరుకు తెలియాలంటే ప్రతిదానికీ సొంత నంబరు ఉండాలి. ఆ నంబరును మీటరు వెనక ఉండే చిన్న మీటలతో పెట్టాలి. ఆ పని నాది.

ఒక సాయంత్రం దుమ్ము తుడవడానికి మీటర్లు తీసి, మళ్లీ బిగించాను. రెండూ ఒకే రకం. ఒకదాని చోట ఇంకొకటి పెట్టేశాను. నంబర్లు చూడలేదు. ఎందుకు చూడలేదు? తొందర కూడా లేదు. కనీసం తొందరైనా ఉంటే దాని మీదికి నెట్టేసేదాన్ని.

మర్నాడు సునందక్క మొదటి ఓవెన్‌కు ఎంత వేడి కావాలో కంప్యూటరులో కొట్టింది. అంకెను అలవాటుగా పైకి చదివింది కూడా. ఓవెన్ కాలుతోంది. నంబర్లు తారుమారవడంతో కంప్యూటరు మాత్రం చల్లగా ఉన్న రెండో ఓవెన్ వేడిని చూస్తూ, ఇంకా చాలదని పెంచుతూ పోయింది. పొగ వచ్చింది. మంట లేచింది. ఆర్పబోయి అక్క చెయ్యి కాల్చుకుంది. ఎవరో మెయిన్ ఆపేశారు. అందరూ ఆమెను బయటికి నడిపిస్తున్నారు.

నేను మీటర్ల వెనక్కి పోయాను. ఒక్క క్షణంలో అర్థమైంది. మీటలు మార్చి నంబర్లు సరిచేసేశాను.

తర్వాత ఇంజనీరు వచ్చి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంకె తప్పు కొట్టి ఉంటారని తేల్చాడు. మేనేజరు ముందు, కట్టు కట్టిన చేత్తో, సునందక్క నా వైపు తిరిగింది.

"జర సోంచాయించి చెప్పు చెల్లె. నేను సరిగ్గనే కొట్టిన గదా? నువ్వు పక్కనే ఉంటివి. చూసినవ్ గదా?"

"యాదికి లేదక్కా."

ఆమె నన్నే చూసింది. అనుమానంతో కాదు. నేను అబద్ధం చెబుతానన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

"అయితే నేనే తప్పు కొట్టిన కావచ్చు" అంది.

ఆమెను పనిలోంచి తీసేశారు. నేను ఉండిపోయాను. ఉద్యోగం పోతుందన్న భయంతోనే అలా అన్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజమేనా? తన కళ్లకన్నా నా మాటనే ఎక్కువ నమ్ముతుందని తెలిసే అన్నానేమో.

ఈమధ్య బస్టాండ్‌లో కనిపించింది. బస్సు బోర్డు చదివింది. పక్కనామెను అడిగింది. మళ్లీ కండక్టరును అడిగింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"నా కండ్లను నేనే నమ్మ చెల్లె. గప్పటి సంది గిట్లనే."

చెప్పాలని నోరు తెరిచాను. "బాగున్నవా అక్కా" అన్నాను. ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతున్నాను. న్యాల్‌కల్ వెళ్తానా? వెళ్లి, తలుపు తట్టి, మళ్లీ యోగక్షేమాలే అడిగి వస్తానా? తెలియదు. ఆమె క్షమించాలని అడిగే హక్కు కూడా నాకు లేదు.

సునందక్క కొట్టిన అంకె సరైనదే. నేను చూశాను.

ఈ రెండు ముక్కలూ ఇప్పుడే మొదటిసారి రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.