పొదిలి దారిలో తాటాకుల బడి

కూచో. అలా కాదు, కాళ్ళు మడుచుకుని సరిగ్గా కూచుని విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో దిద్దకు. మీ తమ్ముణ్ణి ఏ బళ్ళో వెయ్యాలా అని మీ అమ్మ తల పట్టుకుని తిరుగుతోందిగా, అందుకని గుర్తొచ్చింది. ఒకప్పుడు మీ అమ్మ కోసం నేనూ ఇలాగే తిరిగాను.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్త అది. మీ అమ్మకి ఎనిమిదేళ్ళు. చిలకలూరిపేట పక్కన మన ఊళ్ళోనే ఉన్నాం. నల్లరేగడి చేను, సగం పత్తి, సగం మిరప. ఊళ్ళో పిల్లలంతా పేటలో ఇంగ్లీషు మీడియం బడికి ఆటోలో వెళ్ళేవాళ్ళు. ఆ బళ్ళో అప్పుడే కంప్యూటర్లు తెచ్చిపెట్టారు. అద్దాల తలుపు, చల్లటి గది. పిల్లలు చెప్పులు బయట విప్పి, చేతులు కట్టుకుని, గుళ్ళోకి పోయినట్టు పోయి చూసి రావాలి. ముట్టుకుంటే దెబ్బలే.

మీ అమ్మకి ఏమొచ్చిందో ఏమో, బడి గేటు దగ్గర దిగడం ఆలస్యం, పొద్దున తిన్నదంతా కక్కేది. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా ముడుచుకుని పడుకునేది. ఆదివారం మాత్రం గిన్నె ఊడ్చేసేది. కొన్నాళ్ళకి ఆటో హారను వినపడితేనే మొహం పాలిపోయేది. తాయెత్తు కట్టించాం, మందు తాగించాం. పిల్ల చిక్కి పుల్లలాగా అయింది. బడంటే భయం పట్టుకుందని నేను తేల్చేసుకున్నా. ఇంకో బడి చూడకపోతే పిల్ల దక్కదనిపించింది.

అప్పుడే ఒకరోజు మీ తాతయ్య విత్తనాల కొట్లో విన్న ముచ్చట మోసుకొచ్చాడు, నవ్వించడానికి.

"పొదిలి దగ్గర ఎవరో మొగుడూ పెళ్ళాం ఉద్యోగాలు మానుకుని బడి పెట్టారంట. కంప్యూటర్ లేదంట, పరీక్షల్లేవంట, గంట కూడా కొట్టరంట. పిల్లల చేత పత్తి తీయించి నూలు వడికిస్తారంట. దానికి ఎదురు మనమే ఫీజు కట్టాలంట! మన చేలోకి పంపమను, నేనే కూలిస్తా."

ఆయన నవ్వాడు గానీ నేను నవ్వలేదు.

"పోయి చూసొస్తానయ్యా."

"మిరప కోతలు పెట్టుకునా? కల్లంలో కాయలెవరు చూస్తారు?"

"నువ్వు చూడు. ఒక్క రెండ్రోజులు నువ్వు చూస్తే కాయలు నల్లబడవులే."

"ఆ బడి పిల్లల ఇళ్ళల్లో టీవీ పెట్టకూడదంట. నీ సీరియల్ మానుకుంటావా మరి?"

"మానుకుంటా."

ఆ మాటకి మీ తాతయ్య నిజంగానే బిత్తరపోయాడు.

పేటలో పొదిలి బస్సెక్కాం. కిటికీ పక్క సీటు దొరికింది. మీ అమ్మ దారి పొడుగునా జంతికలు నములుతూనే ఉంది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వచ్చింది, పొగాకు చేలు, కంది చేలు. రోడ్డు పక్కన వేపచెట్లు, వాటి కింద మూడు తాటాకు పాకలు. అదే బడి. గోడల్లేవు, బల్లల్లేవు, చాపలు. టీచరమ్మ నేతచీర కట్టుకుని ఎదురొచ్చింది. పిల్లలంతా ఆవిణ్ణి అక్కా అక్కా అంటున్నారు.

"పిల్లని చేర్చుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్ళొకరు రెండ్రోజులు ఇక్కడ ఉండాలమ్మా," అంది. "చూసి పోవడం కాదు. పిల్లలతో పాటు చాప మీద కూచుని చదువుకోవాలి. అప్పుడే మీ పిల్లకి ఇది సరిపోతుందో లేదో మీకు తెలుస్తుంది."

"నేనా? నేను అయిదులోనే మానేశానండి."

"ఇంకేం? ఆరు నుంచి మొదలుపెట్టండి."

అయిదులో మానడం అంటే, మా తమ్ముడు పుట్టాడు, వాణ్ణి ఎత్తుకోడానికి మనిషి కావాల్సొచ్చింది. అంతే. వాణ్ణి చంకనేసుకుని బడి అరుగు దాకా పోయి, కిటికీలోంచి చూసి వచ్చేదాన్ని. ఆ తర్వాత మళ్ళీ పాఠం ముందు కూచోవడం ఆ పాకలోనే.

మొదటి పాఠం ఏంటో తెలుసా? అందర్నీ తలొక చెట్టు కిందకి పంపింది. ఒక్కళ్ళే కూచోవాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు, పిలిచినప్పుడు రావాలి. నేనూ పోయి ఒక వేపచెట్టు కింద కూచున్నా. మొదట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదే. ఇంట్లో కూచున్నా ఏ చింతపండు గింజలో తీస్తూ ఉంటాను, కల్లంలో తాలుకాయలు ఏరుతూ ఉంటాను. ఏ పనీ లేకుండా ఒక్కదాన్నే కూచున్న గుర్తు లేదు నాకు. మేకల మంద ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. మెడల్లో గంటలు చాలాదూరం దాకా వినిపించాయి.

పిలిచాక ఒక్కొక్కళ్ళనే అడిగింది టీచరమ్మ, "నీకేమనిపించింది?" అని. ఒకడు చీమల గురించి చెప్పాడు, ఒకతి తనకి భయమేసిందని చెప్పింది. మీ అమ్మ తల వంచుకుని చాప పీకుతూ కూచుంది. తర్వాత నా వంతు.

"మీకేమనిపించిందమ్మా?"

నన్నెవరైనా అడిగేవి ఏముంటాయి? కూర అయిందా, గేదెకి కుడితి పెట్టావా, కూలోళ్ళు వచ్చారా. ఈ మాట అడిగినవాళ్ళు లేరు. "బాగుందండి," అన్నా.

పక్కనున్న పిల్లాడు కిసుక్కున నవ్వాడు. "పిన్నీ, 'బాగుంది' అంటే ఇక్కడ ఒప్పుకోరు!"

రెండోరోజు తకిలి ఇచ్చి నూలు వడకమన్నారు. బస్తాలకి బస్తాలు పత్తి మిల్లుకి తోలినదాన్ని, నా వేళ్ళ మధ్య దారం అవడం అప్పుడే చూశాను. తెగింది, మళ్ళీ అతుకు పెట్టా, మళ్ళీ తెగింది. అన్నానికి పిలిస్తే లేవబుద్ధి కాలేదు. అక్కడున్నంత సేపూ మీ అమ్మ కక్కలేదు, మారు వడ్డించుకుని మరీ తింది. ఇంకేం కావాలి నాకు? మనసులో అంతా కట్టేసుకున్నా. పొదిలిలో చిన్న గది తీసుకుంటాం, పొద్దున్నే ఇద్దరం వస్తాం, అది చదువుకుంటుంది, నేనూ ఆ చాప మీదే ఒక మూల...

వచ్చేటప్పుడు బస్సు కిటకిటలాడుతోంది. డ్రైవరు వెనక, వెనక్కి తిరిగుండే సీట్లో ఇరుక్కుని కూచున్నాం. కాసేపటికి మీ అమ్మ మొహం పాలిపోయింది. కొంగు అడ్డం పెట్టేలోపే కక్కేసింది. నోరు కడిగితే నీరసంగా అంది, "అమ్మా, ఆటోలో కూడా నన్ను ఇట్టాగే కూచోబెడతారు."

అప్పటికి వెలిగింది నాకు. ఆటోలో డ్రైవరు వెనక చెక్క వేస్తారు, చిన్నపిల్లల్ని దాని మీద వెనక్కి తిప్పి కూచోబెడతారు. పిల్లకి తిరిగింది కడుపే గానీ బడి మీద మనసు కాదు!

"మరి ఆ బడంటే భయం లేదటే నీకు?"

"లేదు. లెక్కల టీచర్ మంచిది. నాకు ఎక్కాలిష్టం."

"ఈ బడి బాలేదా?"

"అన్నిటికీ ఏమనిపించింది, ఏమనిపించింది అంటారు. నాకేం అనిపించదమ్మా. రైటో తప్పో చెప్తే చాలు." నా మొహంలోకి చూసింది. "నువ్వు చేరు. నీకు నచ్చిందిగా."

ఎనిమిదేళ్ళ పిల్ల అన్న మాట.

మర్నాడు మీ తాతయ్య ఆటోవాణ్ణి నిలబెట్టి, "ఒరేయ్, పిల్లని ముందుకి తిప్పి కూచోబెట్టరా," అన్నాడు. తిన్న ఇడ్లీ కడుపులో నిలిచింది. "సీటు మార్చడానికి పొదిలి దాకా పోయొచ్చింది మా ఆవిడ," అని ఆయన ఊరంతా చెప్పుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. మీ అమ్మ ఆ బళ్ళోనే చదివింది, ఇవాళ బ్యాంకులో లెక్కలు చూస్తోంది. దానికి అదే సరిపోయింది, నాకేం అనుమానం లేదు.

అయితే ఆ బడి నుంచి బయల్దేరేటప్పుడు టీచరమ్మ ఒక మాటంది. "పిల్ల చేరినా చేరకపోయినా మీరు వస్తూ ఉండండమ్మా. మీ ఆరో క్లాసు మిగిలిపోయింది." కోతలయ్యాక వస్తానన్నా. కోతలయ్యాయి, దుక్కులొచ్చాయి. నారు పోశాం, నాటాం, పత్తికి పురుగొచ్చింది. పేట బస్టాండులో ఎవరన్నా "పొదిలి, పొదిలి" అని అరిస్తే కాళ్ళు అటే లాగేవి. సంచీలో ఎరువుల బిల్లు ఉండేది, ఇంటికొచ్చేదాన్ని. ఒకసారి పెళ్ళికి పోతూ బస్సులోంచి చూశాను. పాకలు అక్కడే ఉన్నాయి. నేను కూచున్న చెట్టు కింద ఎవరో పిల్ల ఒక్కతే కూచుని ఉంది. బస్సు ఆగలేదు. ఆపమంటే ఆపేవాడేమో. పక్కన పెళ్ళివాళ్ళు, ఒళ్ళో పళ్ళబుట్ట.

ఏంటే చూస్తున్నావు, రాయి. ఆవిడ మళ్ళీ అడిగితే చెప్పాలని ఇన్నేళ్ళూ అట్టిపెట్టుకున్నా. నువ్వు రాస్తున్నావు గనక నీకు చెప్తా. ఆ మేకలు పోయి, గంటల చప్పుడు కూడా ఆగిపోయాక, ఆ చెట్టు కింద ఖాళీ చేతుల్తో కూచుంటే నాకేమనిపించిందంటే, అప్పుడు నేను...

"అమ్మా! ఎంతసేపు పిలవాలి నిన్ను? పప్పుచారు చల్లారిపోతోంది, ఇద్దరూ రండి!"