గోడలోంచి వెళ్లే రైలు

మా మేడ్చల్ ఇంట్లో అన్నా నేనూ కట్టిన రైలుమార్గాన్ని చూసి నవ్వని చుట్టం లేడు. జుట్టు నెరిసినవాళ్లకు ఈ బొమ్మలాటలేమిటని అడిగేవారు. బొమ్మలాట అంటే నాకు ఒళ్లు మండేది. ప్లైవుడ్ బల్లల మీద మేం కట్టింది చిన్నప్పుడు చూసిన మేడ్చల్ స్టేషన్‌ను, మీటర్ గేజ్ రోజుల్లో ఎలా ఉండేదో అచ్చం అలా. చెట్లకు బీరపీచు కత్తిరించి ఆకుపచ్చ రంగులో ముంచాం. పట్టాల కింద కంకర కోసం బియ్యపు నూకలకు బూడిద రంగు వేసి పోశాం. రెండో రోజుకే చీమలు బారులు తీరి ఆ కంకరను మోసుకుపోసాగాయి. మీ రైలుకంటే చీమలే నయం, టైముకు నడుస్తున్నాయి అంది వదిన.

పట్టాలను మలుపు తిప్పడానికి నా గది చాలలేదు. మలుపు ఇరుకైతే బోగీలు పక్కకు పడిపోతాయి. వారమంతా నేను తల పట్టుకుని కూర్చుంటే, అన్న ఒక ఆదివారం సుత్తీ ఉలీ తెచ్చి, మా రెండు గదుల మధ్య గోడకు కన్నం కొట్టేశాడు. అటువైపు తన గదిలో షామీర్‌పేట చెరువు కట్టాడు. షామీర్‌పేటకు రైలెక్కడిదని ఎవరన్నా అంటే, సర్కారు వెయ్యలేదు, మేం వేసినం అనేవాడు. ఆయన పని అక్కడే, ప్లాట్లు చూపించడం. వస్తూ వస్తూ రోడ్డు పక్కనుంచి చిన్న చిన్న రాళ్లు జేబులో వేసుకొచ్చి చెరువు చుట్టూ గుట్టలుగా పేర్చేవాడు.

చెరువులో నీళ్ల కోసం జిగురు పొరలు పొరలుగా పోయాలి. ఒక పొర ఆరాకే ఇంకొకటి. నాకంత ఓపిక ఎక్కడిది? హెయిర్ డ్రయ్యర్ పెట్టాను. చెరువంతా మజ్జిగలా తెల్లబడింది. అన్న పల్లెత్తు మాట అనలేదు. మొత్తం గీకేసి మళ్లీ మొదటినుంచి పోశాడు. ఆయన తీరే అంత, నచ్చినా నచ్చకపోయినా నోరు విప్పడు. ఆదివారాలు నేను ఇటు స్విచ్ వేస్తే, రైలు గోడలోకి దూరి అటు తేలగానే "వచ్చింది" అని మాత్రం కేకేసేవాడు. ఆ ఒక్క కేక కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ని.

పిల్లలు ఎదిగారు, పొయ్యిలు వేరయ్యాయి, ఇల్లూ పంచుకున్నాం. ఆనవాయితీ ప్రకారం దక్షిణపు సగం పెద్దవాడికి. గొడవేమీ లేదు. పంపకాల రోజు వచ్చిన వాస్తు ఆయన మాత్రం, వేరుపడ్డ అన్నదమ్ముల నడిమి గోడకు వేలు దూరేంత సందు కూడా ఉండకూడదని, ఒకరి కలిమి ఇంకొకరింటికి పోతుందని చెప్పాడు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. అన్న వైపు చూశాను. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. పొద్దున లేస్తే ఈశాన్యం, ఆగ్నేయం అని ప్లాట్లు అమ్మే మనిషి, నమ్ముతాడేమో అనుకున్నాను. రేపు ఆయనకు ఏదన్నా నష్టమొస్తే నా మొండితనం వల్లే అవుతుందనిపించింది. మూసేద్దాం అన్నాను. నీ ఇష్టం అన్నాడు.

మేస్త్రీ వచ్చి పట్టాలు తీయించి, ఇటుక పెట్టి సిమెంటు మెత్తాడు. ఆ తర్వాత నా రైలు గోడదాకా వెళ్లి వెనక్కి రావడమే. అన్న నా గదికి రావడం తగ్గింది. నీళ్ల మోటారు గురించో, కరెంటు గురించో గుమ్మంలోనే మాట్లాడుకునేవాళ్లం. లోపలికి రమ్మని పిలవాలని నాకుండేది. పిలవలేదు.

ఈ ఏడు అన్న తన సగం అమ్మేసి కొంపల్లిలో ఫ్లాటు తీసుకున్నాడు. నాతో చెప్పింది బయానా పుచ్చుకున్నాకే. నాకు కోపమొచ్చింది, మింగేశాను. సామాను బండికెక్కిస్తున్న రోజు, తన చెరువు బల్లను దుమ్ము తుడిచి పట్టుకొచ్చి నా గదిలో పెట్టాడు.

"నువ్వే ఉంచుకో తమ్మీ. గా ఫ్లాట్ల దీనికి జాగ లేదు. నీకు గా కన్నమే పసంద్ లేకుండె, గీ చెరువన్న ఉంచుకుంటవో లేదో."

"నాకా? నేనెప్పుడన్న?"

"మూసేద్దామని నువ్వే అంటివి గద."

ఆయన వాస్తు నమ్ముతాడనుకుని, ఆయన మంచికే అన్నానని చెప్పాను.

"నాకు వాస్తేందిరా. ప్లాట్లు అమ్మెటందుకు చెప్త గంతే. ఒక్క మాట అడిగినా అయిపోతుండె గద. నాతోని పొత్తే వద్దనుకుంటున్నవేమో అనుకున్న. గందుకే అమ్మిన."

నువ్వైనా అడగొచ్చు కదా అని అనబోయాను. అన్న నా పక్కనే స్టూలు మీద కూర్చుని, చెరువు అంచున ఊడిన రాయినొకదాన్ని వేలితో అదిమి పెడుతున్నాడు.

రిజిస్ట్రేషన్ అప్పటికే అయిపోయింది. ఆ సగం కొన్నాయన తాళంచెవుల కోసం బయట నిలబడి ఉన్నాడని వదిన వచ్చి చెప్పింది. అన్న లేచి వెళ్లి ఇచ్చాడు.