అల్లాయ్ చక్రం బరువెంత?

2022. తార్నాకలో నా టైర్ల దుకాణం. దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇంజనీరింగ్ పిల్లలు పోటీ కోసం చిన్న కారొకటి తయారుచేశారు. వాళ్ల లీడర్ స్వప్న, లాలాపేట్ అమ్మాయి, ఫైనల్ ఇయర్. పాత స్టీల్ రిమ్ములు తీసేసి నా దగ్గరే అల్లాయ్ వీల్స్ వేయించుకుంది. అల్లాయ్ అంటే అల్యూమినియంలో వేరే లోహాలు కలిపి పోత పోసిన చక్రం. "బరువు తక్కువ, కారు ఉరుకుతది" అని ధీమాగా చెప్పింది నేనే.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"అన్నా, పికప్ పడిపోయింది. ట్రయల్‌ల జరంత తేడాతోని టైమ్ దాటింది. శనివారం ఆఖరి టెస్టు. అది పోతే పోటీకి పంపరు. నాకైతే మళ్ల చాన్సే లేదు."

"ఇంజన్ చూసుకోండ్రి. నా చక్రాలను అంటే ఊకోను" అన్నాను. ఇరవై ఏళ్ల అనుభవం కదా, నోరు ఊరుకోదు.

పాపం, నా మాట నమ్మి మూడు రోజులు ఇంజన్ విప్పి బిగించారు. లోపం దొరకలేదు. శుక్రవారం పొద్దున ఒక అల్లాయ్, ఒక పాత స్టీల్ రిమ్ము ఆటోలో వేసుకుని వచ్చింది స్వప్న.

"అన్నా, ఇవి ఎప్పుడన్న తూచినవా?"

తూచలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తూచలేదు. మా లైన్లో సైజు చూసి, డిజైన్ చూసి అమ్ముతాం, బరువు ఎవరడుగుతారు? పక్కనున్న ఉల్లిగడ్డల దుకాణం కాంటా మీద పెట్టాం. స్టీలు ఆరు కిలోలు. అల్లాయ్ ఎనిమిది! సైజు అదే, కానీ చవక రకం, పోత మందం.

చక్రాన్ని కారుతో పాటు ముందుకు లాగితే సరిపోదు, తిప్పాలి కూడా. తేలిక చక్రం వేస్తే ఇంజన్ పవరేమీ పెరగదు; తిప్పడానికి తక్కువ ఖర్చయి, పికప్‌కు కొంత మిగులుతుంది. పెద్ద కారులో ఆ తేడా అంతగా తెలియదు. వీళ్లది చిన్న ఇంజన్, తేలిక బండి.

నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పు నాది తల్లీ" అని క్యాంపస్‌కు నేనే వెళ్లి నాలుగు అల్లాయ్‌లూ తీసేసి, పాత స్టీల్ రిమ్ములే మళ్లీ బిగించాను. శనివారం టెస్టుకు కూడా వెళ్లి నిలబడ్డాను. కారు పాసయింది! పిల్లలు గంతులేశారు. స్వప్న మాత్రం నా దగ్గరకొచ్చి, "ఇంజన్ బిగించిన రమ్యను మస్తు తిట్టిన అన్నా. మూడు రోజులు ఏడ్చింది" అంది.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లి, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను.

ఇప్పుడు నా కౌంటర్ పక్కన ఒక కాంటా ఉంది. ఎవరైనా "ఇది లైట్ వెయిటేనా?" అంటే ముందు చక్రం దానిమీదికి ఎక్కుతుంది. నా నోరు తెరుచుకునేది ఆ తర్వాతే.